తొంభై ఆరు ముక్కల ఎండ

మా నాన్న పద్నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఉన్నది ఒకే ఇంట్లో, తిన్నది ఒకే బల్ల దగ్గర. కానీ ఆయనకి నాతో ఏ పని పడినా మాట మా ఆవిడ మీదుగా చుట్టు తిరిగి రావాల్సిందే. "అమ్మాయ్, మీ ఆయన్ని ఆ ఉప్పు ఇటు జరపమను" అనేవారు. ఉప్పు గిన్నె నా మోచేతి పక్కనే ఉండేది. మా ఆవిడ నా వైపు తిరిగి, "విన్నారుగా" అనేది. నేను జరిపేవాణ్ణి.

అది భరించాను. భరించలేనిది ఇంకొకటి ఉంది. మాది సెలూన్. ఇల్లు పైన, దుకాణం కింద. నలభై ఏళ్ళు ఆ దుకాణం నడిపి, చేతులు వణకడం మొదలయ్యాక కత్తెర నాకప్పగించిన మనిషి, రోజు విడిచి రోజు పొద్దున్నే మెట్లు దిగి, మా దుకాణం ముందు నుంచే నడుచుకుంటూ పోయి, వీధి చివరి మూల సెలూన్‌లో గడ్డం గీయించుకుని వచ్చేవారు. ఇంట్లో బావి పెట్టుకుని వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకు నిలబడ్డట్టు. వీధి వీధంతా చూసేది. "మీ నాన్నగారి గడ్డం భలే మెత్తన సుమండీ" అని మూల సెలూన్ మహానుభావుడు ఒకసారి నాతోనే అన్నాడు. ఒళ్ళు మండిపోయింది, కానీ ఏమనగలను? తప్పు నాది.

తప్పు అద్దం విషయంలో జరిగింది. మా దుకాణంలో గోడ పొడుగునా ఒక పెద్ద అద్దం ఉండేది. నాన్న దుకాణం పెట్టిన ఏడు కొన్నది. దళసరిది, అంచులు చెక్కినది, అంత బరువైన అద్దం ఇప్పుడు ఎవరూ చెయ్యరు. గోడకి రంగు వేయించాలని దాన్ని దింపాల్సి వచ్చింది. "అద్దాల షాపు వాళ్ళని పిలువు, నలుగురు పట్టాలి" అన్నారు నాన్న. నేను వినలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేనూ, మా బావమరిదీ చాలనుకున్నాం. గడప దాటేటప్పుడు మా బావమరిది చెప్పు తెగింది. అంతే. అద్దం అడుగు అంచు నేలకి తగిలింది, ఒక మూల పొడి అయింది, రెండు బీటలు ఈ చివర నుంచి ఆ చివరకి పాకాయి.

నాన్న అరవలేదు. అరిచినా బాగుండేది. బీటల్లో రెండుగా కనిపిస్తున్న తన ముఖాన్ని కాసేపు చూసుకుని పైకి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి దుకాణంలో కాలు పెట్టలేదు.

ఇక నా పిచ్చి సంగతి చెప్పాలి. గడ్డం గీసుకునేవాళ్ళకి ముఖం పెద్దదిగా చూపించే గుండ్రటి అద్దం ఒకటి ఉంటుంది కదా, లోపలికి వంగి ఉంటుంది. అయిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ వచ్చి సరిగ్గా దాని మీద పడింది. నేను కస్టమరుతో కబుర్లలో ఉన్నాను. ఏదో మాడు వాసన వేస్తోందని వెనక్కి తిరిగితే, కొక్కేనికి వేలాడుతున్న తువ్వాలుకి చిల్లు పడి పొగ వస్తోంది. ఎవరైనా అయితే అద్దం బోర్లించి ఊరుకుంటారు. నేను మర్నాడు కావాలనే ఇంకో తువ్వాలు కాల్చాను. ఆ తర్వాత పాత గొడుగుకి వెండి కాగితం అంటించి గ్లాసుడు నీళ్ళు వేడి చేశాను. రేకు డబ్బా, పాత డిష్ యాంటెన్నా, చేతికి దొరికినదేదీ వదల్లేదు. సెలవు రోజు వస్తే డాబా మీదే నా మకాం. ఎండని ఒకచోటికి పోగెయ్యడమే నా వినోదం. వీధిలో నా పేరు ఎండ డాక్టర్ అయింది.

పగిలిన అద్దాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వడానికి చేతులు రాలేదు. గాజు కోసే అతని దగ్గరికి తీసుకెళ్ళి, బీటలు వదిలేసి మిగతాదంతా అరచేయంత చదరపు ముక్కలుగా కోయించాను. తొంభై ఆరు వచ్చాయి. నా మనసులో మాట చెబుతాను: ఆ అద్దం ముక్కలై కూడా పనికొస్తుందని నాన్నకి చూపించాలి. అది చూసి ఆయన మళ్ళీ దుకాణంలోకి రావాలి. అంతకు మించి నేనేమీ కోరలేదు.

మా దగ్గర జుట్టు కత్తిరించుకునే లెక్కల మాస్టారు పద్ధతి చెప్పారు. పెద్ద చెక్క పలక తీసుకో. వరుసకి పది చొప్పున పది వరుసలు, నాలుగు మూలలూ ఖాళీ, సరిగ్గా తొంభై ఆరు. ప్రతి ముక్క కింద ట్యూబు రబ్బరు పెట్టి మూడు మరలు బిగించు. ఏ మర తిప్పితే ముక్క ఆ వైపు వంగుతుంది. పలక మధ్యలోంచి నాలుగడుగుల ఇనుప కడ్డీ నిలబెట్టి, దాని చివర ఎర్ర రంగు పూసిన పళ్ళెం కట్టు. "ఇప్పుడు ఎదురుగా నిలబడి చూడవయ్యా. ఏ ముక్కలో నీకు ఎర్ర పళ్ళెం కనిపిస్తుందో, నువ్వున్న వైపు నుంచి ఎండ వస్తే ఆ ముక్క ఎండని పళ్ళెం మీదికే పంపుతుంది. తొంభై ఆరింటిలోనూ ఎర్రగా కనిపించేలా మరలు తిప్పు. తర్వాత పళ్ళెం తీసి అక్కడ గిన్నె పెట్టు. అంతే."

అద్దం సర్దడం నాకు కొత్తా? కస్టమరు మెడ వెనక చేతి అద్దం పట్టుకుని, జుట్టు ఎలా కుదిరిందో చూపించడం రోజుకి ముప్పై సార్లు చేసే పని. నాకొకరు చెప్పాలా అనుకున్నాను. రెండు నెలల పాటు తీరిక దొరికినప్పుడల్లా మరలు తిప్పాను. తొంభై ఆరింటిలోనూ ఎర్ర పళ్ళెం చూశాను. పలకని సూర్యుడికి ఎదురుగా తిప్పి, నల్ల గిన్నెలో రెండు లీటర్ల నీళ్ళు పోసి, వీధిలో సగం మందిని డాబా మీదికి పిలిచాను.

గంటన్నర గడిచింది. నీళ్ళు నులివెచ్చనయ్యాయి. వెలుగు గిన్నె మీద పడాల్సింది పోయి గోడ మీద, ట్యాంకు మీద, మా బావమరిది చొక్కా మీద మరకలు మరకలుగా పడింది. "బావా, చంటిపిల్లకి స్నానానికి సరిగ్గా సరిపోతాయి" అన్నాడు వాడు. చెప్పు తెంపుకున్నవాడికి నోరొకటి. లెక్కల మాస్టారు కూడా బుర్ర గోక్కున్నారు. లెక్క తప్పలేదు, మరి ఎండ ఎటు పోతున్నట్టు?

తర్వాత ఇంకో మూడు సార్లు సర్దాను. మూడు సార్లూ అంతే.

మూడోసారి కూడా తప్పిన రోజు రాత్రి భోజనాల దగ్గర నాన్న కంచంలోంచి తలెత్తకుండా అన్నారు: "అమ్మాయ్, మీ ఆయనకి చెప్పు. వచ్చే సెలవు రోజు దాకా చూస్తాను. అప్పటికి అది దేనికైనా పనికొస్తే సరే. లేకపోతే ముక్కలన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమను. ఆ అద్దాన్ని డాబా మీద అలా పడేసి ఉంటే నేను చూడలేను."

"విన్నారుగా" అంది మా ఆవిడ. ఈసారి మెల్లగా అంది.

విన్నాను. అది పోతే నాన్న ఇక మెట్లు దిగి మా దుకాణంలోకి రావడానికి కారణమే ఉండదు. మిగిలినవి ఆరు రోజులు. కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాను. మరలు బిగించాను, వదులు చేశాను, లెక్కల మాస్టారిని మూడు సార్లు పిలిపించాను. ఒక కస్టమరుకి ఒక వైపు చెంప జుట్టు పొట్టిగా, ఇంకో వైపు పొడుగ్గా కత్తిరించి తిట్లు తిన్నాను.

సెలవుకి ముందు రోజు సాయంత్రం దుకాణం మూస్తుండగా మా ఆవిడ ఫోను పట్టుకుని మెట్ల మీంచి పిలిచింది. "మామయ్య ఫోను. టైలర్ బాబాయ్ గారి డాబా మీంచి. మీకేదో చెప్పమంటున్నారు."

టైలర్ బాబాయ్ నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. ఆయన మేడ మా ఇంటికి ఎదురుగా, రెండు వీధుల అవతల ఉంటుంది. సాయంత్రాలు ఇద్దరూ ఆ డాబా మీద కూర్చుంటారు. దుమ్ము పట్టకుండా నేను అద్దాల పలకని రోజూ నిలువుగా ఆ వైపుకే తిప్పి ఉంచుతాను. నాన్నకి దగ్గరి చూపు పోయింది కానీ దూరపు చూపు డేగ చూపు. అక్కడ కూర్చుని మా దుకాణం బోర్డు మీది ఫోను నంబరు చదువుతారు.

"ఏమంటున్నారు?" అన్నాను.

"అద్దం నిండా చెత్త కనిపిస్తోందట. పది ముక్కల్లోనే ఎర్రది ఉందట. మిగతా వాటిలో గోడ, ట్యాంకు, ఆరేసిన దుప్పటి. ఇన్నాళ్ళూ చూసి చూసి ఇక ఊరుకోలేకపోతున్నారట."

"అదెలా? తొంభై ఆరింటిలోనూ నేను చూశాను."

ఆమె ఫోనులో ఆ మాట చెప్పి, కాసేపు విని, నవ్వు ఆపుకుంటూ నా వైపు తిరిగింది. "చూశాడు, కుర్చీ చుట్టూ తిరిగినట్టు తిరుగుతూ చూశాడు అంటున్నారు. ఒక ముక్కకి ఎడమ పక్క నిలబడ్డారట, ఇంకో దానికి కుడి పక్క, ఇంకో దానికి వంగారట. అన్నీ అక్కణ్ణించి గమనించారట. మంగలి పని చేసేవాడు తిరగకుండా ఉండలేడు, కానీ ఎండ ఒక్కచోటి నుంచే వస్తుందని చెప్పమన్నారు."

నిజమే. ఇరవై ఏళ్ళుగా కుర్చీలో మనిషి కదలడు, నేనే చుట్టూ తిరుగుతాను. ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుందో కాళ్ళు వాటంతటవే అక్కడికి పోతాయి. ఒక్కో ముక్కని ఒక్కో చోట నిలబడి సర్దాను. పైగా పలకకి నాలుగు బారల దూరంలో నిలబడ్డాను. అంత దగ్గర్లో అడుగు అటైనా ఇటైనా చూపు మారిపోతుంది. తొంభై ఆరు ముక్కలూ తొంభై ఆరు సూర్యుళ్ళ కోసం ఎదురుచూస్తున్నాయి. ఉన్నదేమో ఒక్కడు. అంత దూరంలో, కదలకుండా కూర్చున్న మనిషి చూసిందే ఎండ చూసే చూపు. ఈ సంగతి లెక్కల మాస్టారికి తట్టలేదు, నాకూ తట్టలేదు, కోపంతో రెండు వీధుల అవతల కూర్చున్న మా నాన్నకి తట్టింది.

"రేపు పొద్దున్నే వస్తారా అక్కడికి, అడుగు" అన్నాను.

ఆమె అడిగింది. "అద్దం వంకరగా ఉంటే నాకు నిద్ర పట్టదని చెప్పు, అంటున్నారు."

మర్నాడు తెల్లారగానే మొదలుపెట్టాం. నేను పలక వెనక స్క్రూ డ్రైవరుతో, మా ఆవిడ పక్కన ఫోనుతో, నాన్న రెండు వీధుల అవతల కుర్చీలో.

"రెండో వరుస, ఎడమ నుంచి ఏడోది. కింది మర బిగించమంటున్నారు."

బిగించాను.

"ఎక్కువైందట. ఎప్పుడూ ఎక్కువే చేస్తాడు అంటున్నారు."

"అది కూడా చెప్పాలా?"

"అన్నీ చెప్పమన్నారు మరి."

అలా నలభై ముక్కలు పూర్తయ్యేసరికి ఎండ చురుక్కుమంటోంది. మా ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఉన్నట్టుండి ఆవిడ ఫోను నా చేతిలో పెట్టింది. "పొయ్యి మీద పాలున్నాయి. మీరూ మీరూ చూసుకోండి" అని మెట్లు దిగిపోయింది. పాలు లేవు. నాకు తెలుసు. నేనే తేవడం మర్చిపోయాను.

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల టైలర్ బాబాయ్ దగ్గు, ఎక్కడో కాకి అరుపు వినిపిస్తున్నాయి.

"అమ్మాయ్?" అన్నారు నాన్న.

"నేను, నాన్నా."

చాలాసేపు ఏమీ వినిపించలేదు. పెట్టేశారేమో అనుకున్నాను. నలభై రెండేళ్ళవాణ్ణి, స్కూల్లో తప్పు చేసి నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాను.

"ఐదో వరుస" అన్నారు చివరికి. "మూడోది. ఎడమ మర. కొంచెం."

"ఇప్పుడు?"

"ఇంకొంచెం. ఆపు. వెనక్కి ఒక వెంట్రుక వాసి. ఆఁ. అలా ఉంచు."

ఆ తర్వాత మేమిద్దరం పని తప్ప వేరే మాట మాట్లాడలేదు. కానీ ఆ మాటలే నాకు పండగలా ఉన్నాయి. నా చిన్నప్పుడు ఆయన నాకు కత్తి పట్టడం నేర్పినప్పుడు కూడా ఇంతే, కొంచెం, ఆపు, వెంట్రుక వాసి. ఎనిమిదో వరుస దగ్గర నేను ఒక ముక్క బాగానే ఉందని వాదించాను. "అక్కణ్ణించి నీకేం తెలుస్తుందిరా" అన్నారు. ఆ 'రా' విని నా చేతిలో స్క్రూ డ్రైవరు జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

పది గంటలకి ఆఖరి ముక్క. అడుగు వరుస, కుడి చివరిది. మూడు మరలూ తిప్పి తిప్పి ఉన్నాయి, ఒకటి పట్టు తప్పుతోంది. పావు చుట్టు తిప్పాను.

"ఎలా ఉంది నాన్నా?"

అవతల కుర్చీ కిర్రుమంది.

"నాన్నా, ఎర్రగా ఉందా?"

"అన్నీ ఎర్రగానే ఉన్నాయి" అన్నారు. "గీతలు కూడా కనిపించడం లేదు. ఒకటే అద్దంలా ఉందిరా."

ఫోను పెట్టేశారు.

మధ్యాహ్నానికి డాబా మీద మళ్ళీ జనం చేరారు. కిందటిసారి నవ్వి వెళ్ళినవాళ్ళే, ఇంకోసారి నవ్వుదామని వచ్చారు. కడ్డీ నీడ మాయమయ్యేదాకా పలకని సూర్యుడి వైపు వంచాను. ముందు ఒక కర్ర ముక్క తీసుకుని, ఎర్ర పళ్ళెం ఉండే చోటికి చాచాను. లెక్కల మాస్టారు గడియారం చూసుకునే లోపే కర్ర భగ్గుమంది. జనం రెండడుగులు వెనక్కి వేశారు. మా బావమరిది నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. వాడి నోరు మూతపడటం నేను చూడటం అదే మొదటిసారి.

నల్ల గిన్నెలో రెండు లీటర్లు పోసి, మూత పెట్టి, కడ్డీకి తగిలించాను. వెల్డింగ్ కళ్ళజోడు పెట్టుకుని చూస్తే గిన్నె అడుగున వెలుగు ఒక్క ముద్దగా ఉంది, పక్కకి పోయిన మరక ఒక్కటి లేదు. ఎనిమిదో నిమిషానికి గిన్నె సన్నగా పాడటం మొదలుపెట్టింది. పదిహేనో నిమిషానికి మూత అంచున ఆవిరి. ఇరవై మూడో నిమిషానికి మూత ఎగిరెగిరి పడింది, నీళ్ళు తెర్లుతూ పొంగాయి. "ఇరవై మూడు" అని మాస్టారు గట్టిగా చదివారు, పరీక్షలో మార్కులు చదివినట్టు. ఎవరో చప్పట్లు కొట్టారు, ఆ వెంటనే అందరూ కొట్టారు. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు. నేను గర్వంతో చొక్కా చిరిగేలా నిలబడ్డాను, దాచుకోవడం దేనికి.

అప్పుడే జనం పక్కకి తప్పుకున్నారు. మెట్ల మీంచి నాన్న వస్తున్నారు, వెనక టైలర్ బాబాయ్. నాన్న గిన్నె వైపు చూడలేదు. నేరుగా పలక దగ్గరికి వచ్చి, పక్కగా నిలబడి, ఒక ముక్క అంచు మీద వణుకుతున్న వేలు ఆనించారు. మూల సెలూన్ వాడు కూడా వచ్చాడు ఆ రోజు, వెనక వరుసలో నిలబడి ఉన్నాడు. నాన్న వాడి వైపు ఒకసారి చూశారు, తర్వాత నా వైపు తిరిగారు. పద్నాలుగు నెలల తర్వాత నా ముఖంలోకి చూసి మాట్లాడారు.

"ఆ నీళ్ళు కిందికి తే."

"ఎక్కడికి నాన్నా?"

"సెలూన్‌లో వేడి నీళ్ళెందుకురా?"

సెలవు రోజని తెలిసి కూడా షట్టరు ఎత్తాను. వెనకే వీధంతా గుమ్మం దగ్గర మూగింది. నాన్న గడప దగ్గర ఒక్క క్షణం ఆగారు. తర్వాత కుడి కాలు లోపల పెట్టి, నేరుగా కిటికీ పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళి కూర్చుని, తల వెనక్కి వాల్చారు. నేను ఆయన మెడకి తెల్లగుడ్డ కట్టాను. ఎండ కాచిన నీళ్ళలో తువ్వాలు ముంచి, పిండి, ఆయన ముఖం మీద పరిచాను. తువ్వాలు కింద నుంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది.

నురగ పట్టించి కత్తి పెట్టాను. నా చెయ్యి వణకలేదు. ఎడమ చెంప అయ్యాక ఆయన కళ్ళు మూసుకునే అన్నారు:

"ఆ మూల సెలూన్ వాడు చెవి పక్కన ఎప్పుడూ కాస్త వదిలేస్తాడు. ఇన్ని నెలలూ చెబుదాం చెబుదాం అనుకుంటూనే ఉన్నాను."

"వాడికి చెప్పాల్సింది నాన్నా."

"వాడికెందుకు చెబుతాను" అన్నారు. "నీకు చెబుదామని."